మా ప్లాటూన్ రీయూనియన్ గ్రూప్: 18 ఏళ్ల వాడకం తర్వాత నా రివ్యూ

జనాలు ఫోన్లకీ మిక్సీలకీ రివ్యూలు రాస్తారు, నేనేమో ఒక గ్రూప్ నడపడం మీద రాస్తున్నా, నవ్వుకోండి పర్లేదు. ఇక్కడ సింగపూర్‌లో మా మిలిటరీ బ్యాచ్ వాళ్ళందర్నీ ఏడాదికోసారైనా ఒక చోట కూర్చోబెట్టే పని 2007 నుంచి నా నెత్తిన ఉంది. ఎవరూ అప్పగించలేదు, నేనే తగిలించుకున్నా. ఈమధ్య మన తెలుగు కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురు సర్వీస్ అయిపోగానే "అన్నా, మేమూ గ్రూప్ పెడదామనుకుంటున్నాం, ఏ యాప్ బెటర్" అని అడిగారు. యాప్ గురించి అడిగారు కాబట్టే ఇంత రాయాల్సొస్తోంది.

ముందు మా సంగతి. మాది వైజాగ్, నాన్న ఉద్యోగం మీద 1996లో వచ్చాం, అప్పటికి నాకు పదేళ్లు. తల్లిదండ్రుల ద్వారా పీఆర్, అంటే శాశ్వత నివాస హక్కు, వచ్చిన మగపిల్లలకి ఇక్కడ నేషనల్ సర్వీస్, అంటే మిలిటరీ సర్వీస్, తప్పదు, పదహారున్నరకల్లా రిజిస్టర్ చేసుకోమంటారు. 1967లో మొదటి బ్యాచ్‌ని పిలిచారు, అప్పట్నుంచి ఈ ఊళ్ళో మగాళ్ళు ఇద్దరు కూర్చుంటే పది నిమిషాల్లో టాపిక్ అక్కడికే వెళ్తుంది. నేను 2005 జనవరిలో, కొత్తవాళ్ళకి ట్రైనింగ్ ఇచ్చే పులావ్ టెకాంగ్ దీవికి ఫెర్రీ ఎక్కా. మొదటిరోజు ఇంట్లోవాళ్ళని కూడా రానిస్తారు, బంక్ చూపించి కుక్‌హౌస్‌లో భోజనం పెడతారు, మా అమ్మ అక్కడి పప్పు ఒక ముద్ద తిని నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. ఆ తర్వాత ఒక ఇన్‌ఫాంట్రీ బెటాలియన్‌కి పంపారు, 2007 జనవరిలో ఓఆర్‌డీ, అంటే ఫుల్‌టైమ్ సర్వీస్ అయిపోయిన రోజు. ప్లాటూన్‌లో, అంటే ఆ బెటాలియన్‌లో మా చిన్న దళంలో, 31 మందిమి, తెలుగు మాట్లాడేవాడ్ని నేనొక్కడ్నే.

గ్రూప్ మొదలెట్టినప్పుడు వచ్చిన మొదటి తలనొప్పి పేర్లు. యూనిఫామ్ మీద నేమ్ ట్యాగ్‌లో పొట్టి పేరే ఉంటుంది, మా ప్లాటూన్‌లో నలుగురు టాన్‌లు, ముగ్గురు లిమ్‌లు, ఒకణ్ణి పొడుగు టాన్ అనేవాళ్ళం, ఒకణ్ణి మైలో టాన్ అనేవాళ్ళం, రెండేళ్లు పక్క మంచం మీద పడుకున్నవాడి పూర్తి పేరు తెలీదంటే బయటివాళ్ళు నమ్మరు. సింగపూర్‌లో టాన్ అని వెతకడమంటే మన దగ్గర పెళ్ళి పందిట్లో నిలబడి "ఏమండీ సుబ్బారావుగారూ" అని కేకెయ్యడమే. ఫొటోలు చూసి గుర్తుపడదామంటే ఫొటోల్లేవు. అప్పట్లో క్యాంపులోకి కెమెరా ఫోన్ రానిచ్చేవాళ్ళు కాదు, మాలాంటి వాళ్ళకోసమే షాపుల్లో కెమెరా లేని ఫోన్లు అమ్మేవాళ్ళు. మాకు మిగిలిందల్లా పరేడ్ రోజు కంపెనీ, అంటే కొన్ని ప్లాటూన్ల దళం, మొత్తాన్ని మెట్ల మీద నిలబెట్టి తీసిన గ్రూప్ ఫొటో, అందులో అందరిదీ ఒకే గుండు, అందరిదీ ఒకే నలుపు. కొన్ని మొహాల దగ్గర నేనెవర్నో నాకే డౌటొచ్చింది.

ఇక వాడినవి చెప్తా. మొదటి రెండేళ్లు ఈమెయిల్ లిస్ట్, దానికి రెండు స్టార్లు, అదీ పాత జ్ఞాపకం మీద జాలితో, ఎందుకంటే సగం మంది కాలేజీ ఐడీలు ఇచ్చారు, కోర్స్ అయిపోగానే అవి పోయాయి. ఆ తర్వాత సోషల్ మీడియాలో పేజీ, మనుషుల్ని వెతికి పట్టుకోడానికి దాన్ని మించింది లేదు, మూడు స్టార్లు, దొరికాక మాత్రం అక్కడ ఎవడూ ఏమీ మాట్లాడడు, లైక్ కొట్టి పోతాడు. తర్వాత చాట్ గ్రూప్. రోజూ గలగలలాడుతుంది, అందరూ ఉన్నట్టే ఉంటుంది, గట్టిగా లెక్కేస్తే మాట్లాడేది ఆరుగురే, మిగతావాళ్ళంతా మ్యూట్‌లో. దానికెన్ని స్టార్లివ్వాలో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నా.

అసలు విషయం ఇది కాదు. ఓఆర్‌డీ అయ్యాక ఇక్కడ మనల్ని వదిలెయ్యరు, పదేళ్లపాటు రిజర్విస్ట్ సైకిల్ ఉంటుంది, ఏటా 40 రోజుల దాకా ఇన్-క్యాంప్ ట్రైనింగ్‌కి పిలవొచ్చు, ఐసీటీ అంటాం. కలిసి సర్వీస్ చేసిన బెటాలియన్ కలిసే రిజర్వ్‌లోకి వెళ్తుంది కాబట్టి ప్రతిసారీ అవే మొహాలు. సాయంత్రం బుక్ అవుట్ అవ్వగానే, అంటే గేటు దాటి బయటికొచ్చాక, పరాటా, తే తారిక్ (నురగ వచ్చేలా తిరగబోసే పాల టీ) చుట్టూ కూర్చునేవాళ్ళం, పాతిక మంది వచ్చేవాళ్ళు, అందరూ నా భుజం తట్టి "నువ్వు లేకపోతే ఇదంతా ఎవడు చేస్తాడ్రా" అనేవాళ్ళు. నేనూ నమ్మేశా. ఆఫీసులో కూడా చెప్పుకునేవాణ్ణి, నాకు మనుషుల్ని కలిపి ఉంచడం బాగా వచ్చని.

2018లో మా ఆఖరి ఐసీటీ అయిపోయింది. 2019లో రీయూనియన్ పెట్టా, రెండు నెలల ముందే పోల్ పెట్టా, 19 మంది వస్తామని నొక్కారు, హాల్ బుక్ చేశా. వచ్చింది ఏడుగురు, నాతో కలిపి. ఆ ఏడుగురిలో ఒకడు గంట కూర్చుని పాపకి జ్వరమని వెళ్ళిపోయాడు. మిగిలిన చికెన్ వింగ్స్ ట్రేలు రెండు ట్యాక్సీలో ఒళ్ళో పెట్టుకుని ఇంటికొస్తుంటే అప్పుడు తెలిసింది, పదేళ్లు ఆ రీయూనియన్ నడిపింది నేను కాదు గవర్నమెంటు. వాళ్ళు నోటీసు పంపితే రాక తప్పదు, రాకపోతే కేసు, నేను చేసిందల్లా వచ్చినవాళ్ళని పక్కనున్న హోటల్‌కి తీసుకెళ్ళడం. పిలిస్తే రాకపోయినా ఏమీ కాదన్నప్పుడు ఎంతమంది వస్తారో అదే మన నెట్‌వర్క్ అసలు సైజు. మాది ఏడు.

అప్పుడు మానేద్దామనుకున్నా. మా ఆవిడ కూడా "పోనీలెండి, ఎవరి కాపరాలు వాళ్ళవి" అంది. ఇంతలో 2020 వచ్చింది, కోవిడ్, జూన్ దాకా ఇళ్ళల్లోనే, తర్వాత బయట కలవొచ్చు కానీ ఐదుగురికి మించి కూర్చోకూడదన్నారు. సరే ఐదుగురే కదా అని ఒక శనివారం నలుగురికి విడివిడిగా ఫోన్ చేశా, గ్రూప్‌లో పెట్టలేదు. నలుగురూ వచ్చారు! పైగా పెద్ద హాల్లో పాతిక మంది ఉన్నప్పుడు ఎవడూ చెప్పని మాటలు ఆ చిన్న టేబుల్ దగ్గర బయటికొచ్చాయి, ఒకడికి ఉద్యోగం పోయిందంట, ఒకడికి డైవోర్స్ నడుస్తోందంట, చాట్‌లో రోజూ జోకులు పంపేవాడే వాడు. అప్పట్నుంచి పద్ధతి మార్చేశా. ఏడాది పొడుగునా నలుగురైదుగురితో చిన్న టేబుళ్ళు, ఏడాదికోసారి మాత్రం పెద్దది. ఐదుగురి రూల్ ఎప్పుడో ఎత్తేశారు, నేను మాత్రం ఎత్తలేదు.

ఫోన్ చెయ్యడానికి ఐదు స్టార్లు. ఇది నచ్చదు మీకు, తెలుసు. "ఎంతమంది వస్తున్నారు" అని గ్రూప్‌లో అడిగితే ఎవడికీ అడిగినట్టుండదు, పేరు పెట్టి ఫోన్ చేస్తే తప్పించుకోలేడు, మన ఊళ్ళో పెళ్ళిపిలుపులకి కార్డు పోస్టులో పంపితే రారు, బొట్టుపెట్టి పిలిస్తే వస్తారు చూడండి, చైనీస్ వాడైనా మలయ్ వాడైనా అంతే. కాకపోతే టైమ్ తింటుంది, ముప్పై మందికి తలా పది నిమిషాలనుకున్నా ఐదు గంటలు పడుతుంది, అందుకే సెక్షన్‌కి, అంటే ప్లాటూన్‌లోని ఒక్కో చిన్న జట్టుకి, ఒకణ్ణి పట్టుకుని వాడి ఏడుగురికి వాణ్ణే చెయ్యమంటున్నా, మిలిటరీలో కూడా అలాగే కదా నడిచేది, ఈ ఐడియా నాకు పదమూడేళ్లకి తట్టింది.

డేట్ విషయంలో కూడా చాలా దెబ్బలు తిన్నా. మొదట్లో ఓఆర్‌డీ గుర్తుగా జనవరిలో పెట్టేవాణ్ణి, నాకు సంక్రాంతి అడ్డం, వాళ్ళకి చైనీస్ న్యూ ఇయర్ హడావిడి, మా అమ్మైతే "ఏట్రా, పండగ పూట కూడా ఆ మిలిటరీ వాళ్ళేనా" అని గొడవ. తర్వాత రంజాన్ నెల తప్పించాలి, అది ఏటా జరుగుతూ ఉంటుంది. సెప్టెంబర్, అక్టోబర్ అంటే ఆరో తరగతి పిల్లలకి పీఎస్‌ఎల్‌ఈ పరీక్షలు, తల్లిదండ్రులే పరీక్ష రాస్తున్నట్టు ఇల్లు కదలరు. చివరికి జులై 1 ఇక్కడ ఆర్మ్‌డ్ ఫోర్సెస్ డే, దానికి దగ్గర్లోని శనివారం అని ఫిక్స్ చేసి పడేశా, పోల్ లేదు, చర్చ లేదు, రాగలిగినవాడు వస్తాడు. తిండి హలాల్ చోటే, అది కూడా చర్చకి పెట్టకూడదు. పెడితే మలయ్ వాళ్ళు మొహమాటానికి "పర్లేదు బ్రో" అంటారు, వచ్చి కోక్ తాగి కూర్చుంటారు, 2011లో అది చూసి సిగ్గుపడ్డా. డబ్బులు ముందే తీసుకోండి, పేనౌ, అంటే ఇక్కడ ఫోన్‌లో డబ్బు పంపే పద్ధతి, వచ్చాక నెంబర్ కొడితే పోతుంది, నేను 20 డాలర్లు డిపాజిట్ పెట్టా, రాకపోతే తిరిగివ్వను. 20 డాలర్లకి మనిషి మాట మీద నిలబడతాడా అంటే, నిలబడుతున్నాడు.

ఇప్పుడు కొంచెం కష్టమైన సంగతి. ప్లాటూన్‌లో ఒకడు ఎన్నిసార్లు పిలిచినా రాడు. మేం వాణ్ణి ఎలా ఏడిపించేవాళ్ళమో, రాత్రిళ్ళు వాడి మంచం ఎలా తిప్పేవాళ్ళమో అవన్నీ గ్రూప్‌లో ప్రతి ఏడాదీ తలుచుకుని నవ్వేవాళ్ళం. ఒకసారి వాడే నాకు విడిగా మెసేజ్ పెట్టాడు, మీకు నవ్వు గుర్తుంది, నాకు టాయిలెట్‌లో గడియ పెట్టుకుని కూర్చోడం గుర్తుంది అని. ఏం రాయాలో తెలీక రెండురోజులు రిప్లై ఇవ్వలేదు. ఆ నవ్వేవాళ్ళలో నేనూ ఉన్నా. తర్వాత సారీ అని రాసి, గ్రూప్‌లోంచి తీసెయ్యమంటావా అని అడిగితే వద్దు ఉంటా, రాను అంతే అన్నాడు. ఇప్పుడు ఎవరన్నా ఆ కథలు మొదలెడితే వాళ్ళకి విడిగా చెప్తున్నా, ఆపమని. ఇంకో మార్పు, అడక్కుండా ఎవర్నీ గ్రూప్‌లో కలపట్లేదు. మాకు ట్రైనింగ్ ఇచ్చిన ఎన్చిక్‌ని, అంటే వారంట్ ఆఫీసర్ని, పిలుద్దామన్నప్పుడు కూడా ఇదే, సగం మందికి ఆయన దేవుడు, సగం మందికి పీడకల, అందుకని ఆయన్ని పెద్దదానికి పిలవకుండా ఇష్టమున్నవాళ్ళం విడిగా వెళ్ళి కలిసొస్తాం.

ఇంకొకటి, ఇది రాయాలా వద్దా అనుకున్నా. మాలో ఒకడు పోయిన సంగతి మాకు మూడు నెలల తర్వాత తెలిసింది. మెసేజ్ పెడితే ఒకటే టిక్కు ఉండిపోయింది, నెంబర్ మార్చాడేమో అనుకున్నా. మార్చలేదు. ఒకప్పుడు 24 కిలోమీటర్ల రూట్ మార్చ్‌లో బొబ్బలెక్కి నేను కుంటుతుంటే నా రైఫిల్ కూడా వాడే మోశాడు. వాళ్ళావిడకి మేమెవరమో కూడా తెలీదు. ఆ తర్వాత నా షీట్‌లో ఒక కాలమ్ పెంచా, ప్రతివాడి ఇంట్లో ఇంకొకరి నెంబర్. కొంతమంది అనుమానంగా చూశారు, ఈ రోజుల్లో స్కామ్‌లు అలా ఉన్నాయి మరి, ఎందుకో చెప్పాక అందరూ ఇచ్చారు. గ్రూప్ మొదలెట్టేవాళ్ళు వేరే ఏదీ చెయ్యకపోయినా ఈ కాలమ్ మొదటిరోజే పెట్టండి. అన్నట్టు ఆ షీట్, పేరు, మారుపేరు, సెక్షన్, ఏం తింటాడు, ఏ ఊళ్ళో ఉన్నాడు, మామూలు స్ప్రెడ్‌షీట్ అంతే, ఐదు స్టార్లు, ఫ్యాన్సీ యాప్‌లు ఏవీ దానికి సాటి రాలేదు. లింక్ మాత్రం ఎవరికీ ఇవ్వను, నా దగ్గరా ఇంకొకడి దగ్గరా ఉంటుంది, నేను లేకపోతే వాడు.

ఏజెంట్ల గురించి చెప్పకపోతే ఈ రివ్యూ పూర్తవదు. ప్రతి ప్లాటూన్‌లో ఒకడు ఇన్సూరెన్స్, ఒకడు ప్రాపర్టీ, రాసిపెట్టి ఉంటుంది. పదేళ్లు కనిపించనివాడు "హౌ ఆర్ యూ బ్రో, కాఫీ తాగుదామా" అన్నాడంటే నేను వెంటనే పర్సు తడుముకుంటా. మా రూల్ ఏంటంటే ఏడాదికి ఒక్కొక్కడికి ఒక్క పోస్టు, చైనీస్ న్యూ ఇయర్ తర్వాత, ఏడిపించడానికి మిగతావాళ్ళకి ఆ రోజు ఫుల్ పర్మిషన్. పనిచేస్తోంది. నిజం చెప్పాలంటే నా ఫ్లాట్ కూడా మైలో టాన్ ద్వారానే కొన్నా.

ఈ ఏడాది లెక్క చూసుకుంటే 31లో ఒకడు లేడు, ముగ్గురు ఇప్పటికీ దొరకలేదు, అందులో ఇద్దరు టాన్‌లే, ఇద్దరు మెల్‌బోర్న్, ఒకడు రానన్నవాడు. మిగతావాళ్ళలో 20 మంది డిపాజిట్ వేశారు. ఒకడెవడో డబ్బు పంపుతూ నోట్‌లో వెజ్ అని రాశాడు, పేరు రాయలేదు, అకౌంట్ చూస్తే వాళ్ళావిడ పేరులా ఉంది. మా ప్లాటూన్‌లో వెజ్ తినేవాడు ఎవడూ లేడే... రేపట్నుంచి ఒక్కొక్కడికీ ఫోన్ చేసి కనుక్కోవాలి.