గోరింటాకు కింద దాచిన వీపు నొప్పి: హైదరాబాద్‌లో గుర్రం కొనేవారికి హెచ్చరిక

హైదరాబాద్‌లో స్వారీకి గుర్రం కొనాలని చూస్తున్న వారు, ముఖ్యంగా పిల్లల కోసం వెతుకుతున్న తల్లిదండ్రులు, దయచేసి ఇది పూర్తిగా చదవండి. "చాలా నెమ్మదైన గుర్రం, కాస్త బద్ధకం అంతే, పిల్లలకు సరిగ్గా సరిపోతుంది" అని ఎవరైనా చూపిస్తే, దాని వీపు మీద చెయ్యి వేసి చూడకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. మాకు అంటగట్టిన గుర్రానికి బద్ధకం లేదు, మొండితనమూ లేదు. ఉన్నది వీపులో నొప్పి. ఆ నొప్పి ఆనవాళ్ళను ఎవరో పనిగట్టుకుని దాచి మరీ దాన్ని అమ్మకానికి పెట్టారు.

1886లోనే మలక్‌పేటలో గుర్రప్పందేలు మొదలైన నగరం మనది. పందేలు మానిపించిన థరోబ్రెడ్ (పందేల కోసం పెంచే జాతి) గుర్రాలు చాలావరకు స్వారీ నేర్పే చోట్లకో, మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు ఫామ్‌హౌస్‌లకో చేరతాయి. వాటిలో బంగారం లాంటి గుర్రాలున్నాయి, అందుకే మేమూ అటే చూశాం. మేం కొన్నది జేగురు రంగు మగ గుర్రం, విత్తులు తీయించినది. చూడటానికి వెళ్ళేసరికే జీను బిగించి సిద్ధంగా ఉంచారు. మెడ మీద అప్పటికే సన్నగా చెమట. మా అమ్మాయి ఎక్కితే నడక, ట్రాట్ (నడకకూ పరుగుకూ మధ్య గతి), చిన్న పరుగు, అన్నీ చక్కగా చేసింది.

మా లాయానికి వచ్చిన కొద్ది రోజులకే అది ఆగిపోవడం మొదలైంది. ఎక్కి కూర్చోగానే మెడ బిగబట్టేది. కాలితో ఒత్తితే చెవులు వెనక్కి వాలేవి, తోక అటూ ఇటూ కొట్టుకునేది, వెనక కాళ్ళు నేలకు దిగేసినట్టు నిలబడిపోయేది. ఇంకా ఒత్తితే వెనక్కి నడిచేది. బతిమాలితే కదిలేది కానీ, అడుగు బాగా కురచగా పడేది.

అమ్మినతనికి ఫోను చేస్తే చెప్పిన మాట ఇది: "రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందంటారు కదా అన్నా! పాప చేతిలో పట్టు లేదు. ముళ్ళ కళ్ళెం వేయించండి, నాలుగు దెబ్బలు పడితే అదే కదులుతుంది." ముళ్ళున్న కళ్ళేన్ని 1965 నాటి జంతు సంరక్షణ నిబంధనలే నిషేధించాయి. పుండో జబ్బో ఉండి పనికి తగని జంతువుతో పని చేయించడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. ఆ సలహాను అక్కడే పక్కన పెట్టి గుర్రాల వైద్యుడిని పిలిపించాం.

ఆయన ముందుగా గుర్రం ఎవరూ ఎక్కవద్దన్నారు. సిమెంటు దారి మీద నడిపించి, ట్రాట్ చేయించి చూశారు. పొడవాటి తాడు మీద గుండ్రంగా ఎడమకు, కుడికి తిప్పించారు. గిట్టలను పటకారు లాంటి పరికరంతో నొక్కి చూస్తే నొప్పి కనిపించలేదు. నోరు తెరిపించి టార్చి వేస్తే పై దవడ పళ్ళ బయటి అంచులు పదునెక్కి ఉన్నాయి, వాటిని ఆకురాయితో అరగదీశారు. అసలు కారణం ఇది కాదు, ఇంకా వెతకాలన్నారు. తర్వాత వెన్నెముకకు రెండు పక్కలా వేళ్ళతో మెల్లగా ఒత్తుకుంటూ వెళ్ళారు. మూపు దగ్గర ఏమీ లేదు. జీను కూర్చునే చోటికి వేళ్ళు రాగానే చర్మం అలలా వణికింది, నడుము ఒక్కసారిగా కిందికి కుంగింది, తల పైకి లేచింది.

ఒకప్పుడు సరిపోని జీను వాడారేమో చూద్దామని ఆయన అక్కడి వెంట్రుకలను పాయలుగా విడదీశారు. అరచేయంత మేర కొనలు జేగురు రంగులో, మొదళ్ళు తెల్లగా ఉన్నాయి. వెన్నుకు ఇటువైపూ అటువైపూ అదే మచ్చ. మా లాయంలో పనిచేసే పెద్దాయన్ని అందరం చాచా అంటాం. పాతబస్తీలో పెళ్ళి గుర్రాల మధ్యే పెరిగిన మనిషి, వాటి తోకలకు రంగు వేయడం ఆయనకు కొత్త కాదు. వంగి చూసి, "డాక్టర్ సాబ్, ఇది గోరింటాకు" అన్నాడు. జీను ఒకే చోట చాలా కాలం నొక్కితే చర్మంలో రంగునిచ్చే కణాలు చచ్చిపోయి, ఆ తర్వాత అక్కడ తెల్ల వెంట్రుకలే వస్తాయి. గుర్రం గతంలో పడిన బాధకు శాశ్వతమైన సాక్ష్యం అది. దాని మీదే రంగు పూశారు.

ఎక్స్‌రే తీశారు. గుర్రానికి ఛాతీ భాగంలో 18 వెన్నుపూసలు ఉంటాయి. ఒక్కో పూస మీద నిటారుగా ఒక ఎముక కొమ్ము, కొమ్ముకూ కొమ్ముకూ మధ్య ఖాళీ ఉండాలి. మా గుర్రానికి జీను కింద కొమ్ములు ఒకదానికొకటి ఆనుకుని ఒరుసుకుంటున్నాయి. ఇలాంటి ఎక్స్‌రే ఉన్నా నొప్పి లేని గుర్రాలూ ఉంటాయి కాబట్టి, డాక్టరుగారు ఫిల్మును చూసి తీర్పు చెప్పలేదు. ఆ కొమ్ముల మధ్య, అక్కడి నొప్పి తెలియకుండా చేసే మత్తు సూది వేసి, కాసేపు ఆగి అమ్మాయిని ఎక్కమన్నారు. అమ్మాయి కాలు తాకిందో లేదో, గుర్రం మెడ చాచి నడక అందుకుంది. చెవులు ముందుకు నిలిచాయి. మెత్తని రౌతు అదే, గుర్రం అదే, కళ్ళెం అదే.

స్వారీలో నొప్పిని సూచించే 24 లక్షణాలను బ్రిటన్‌కు చెందిన పశువైద్యురాలు స్యూ డైసన్ బృందం 2018లో పట్టికగా ప్రకటించింది. వాటిలో ఎనిమిదో, అంతకు మించో కనిపిస్తే గుర్రానికి నొప్పి ఉండే అవకాశం ఎక్కువ. ముందుకు కదలడానికి వెనకాడటం, చెవులు వెనక్కి వాల్చడం, తోక విసరడం ఆ పట్టికలోనివే. మన దగ్గర వీటినే పొగరు అంటారు, కొట్టమంటారు. ఇది వింటే నాకు కడుపు మండుతుంది.

మీ గుర్రానికి కారణం వేరే కావచ్చు. పందేల నుంచి వచ్చిన గుర్రాల్లో కడుపు పుండ్లు చాలా ఎక్కువ. గుర్రం మేసినా మేయకపోయినా కడుపులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. రెండు పూటలా దాణా పెట్టి మధ్యలో గడ్డి లేకుండా కట్టేస్తే, ఆ ఆమ్లం కడుపు పైభాగాన్ని తినేస్తుంది, పరుగులో పైకి చిమ్ముతుంది. పొట్టపట్టీ బిగిస్తుంటే కొరకడానికి వస్తే, దాణా వదిలేస్తుంటే అటు అనుమానించండి. పొడవాటి గొట్టం కెమెరాతో కడుపు లోపల చూస్తే తప్ప ఇది తేలదు, అంతకుముందు గుర్రాన్ని పస్తు ఉంచాలి.

కొనేముందు చెప్పకుండా పొద్దున్నే వెళ్ళండి, జీను లేని గుర్రాన్ని చూపించమనండి. మీ ఎదుటే జీను వేయించండి. అప్పుడు దాని ముఖం చూడండి, జీను చూడకండి. వీపు మీది వెంట్రుకలను ఎండలో విడదీసి మొదళ్ళ దాకా పరిశీలించండి. గట్టి నేల మీద ట్రాట్ తప్పనిసరి. పరీక్షించే వైద్యుడు మీరు తెచ్చుకున్నవాడై ఉండాలి, అమ్మేవాడు చూపించిన మనిషి వద్దు. ఆ రోజే గుర్రం రక్తం తీయించి భద్రపరచమనండి. ఫినైల్‌బ్యూటజోన్ లాంటి నొప్పి మందు ఇచ్చి గుర్రాన్ని హుషారుగా చూపించడం ఈ వ్యాపారంలో తెలియని విద్య కాదు. తర్వాత గుర్రం ఆగిపోతే ఆ రక్తమే సాక్ష్యం చెబుతుంది. మా గుర్రానికి మందు ఇచ్చారని నేను నిరూపించలేను, కాబట్టి ఆ నింద వేయను. గోరింటాకు మాత్రం కళ్ళారా చూశాను. థరోబ్రెడ్ అయితే దాని పాస్‌పోర్టు (గుర్రం గుర్తింపు పుస్తకం) అడిగి, మెడలోని మైక్రోచిప్ సంఖ్య దానితో సరిపోయిందో లేదో చూడండి.

అమ్మినతనికి ఎక్స్‌రే పంపితే చెప్పిన పరిష్కారం, గుర్రాన్ని తిరిగి ఇచ్చేసి వేరేది తీసుకెళ్ళమని. అంటే ఇదే వీపుకు మళ్ళీ రంగు పూసి ఇంకొకరి బిడ్డకు అమ్ముతాడన్నమాట. ఒప్పుకోలేదు. గుర్రం మా దగ్గరే ఉంది. స్వారీ పూర్తిగా మానిపించి, తల దించి నడిచేలా నేల మీది కసరత్తులు చేయిస్తున్నాం, వైద్యం సాగుతోంది. అమ్మినవారి పేరు ఇక్కడ రాయడం లేదు. మీరు చూస్తున్న జేగురు, నలుపు గుర్రాల వీపు మీద అనుమానం ఉంటే సందేశం పెట్టండి, మా గుర్రం ఎక్స్‌రే నకళ్ళు, వెంట్రుకల మొదళ్ళను దగ్గరగా తీసిన ఫొటోలు పంపిస్తాను. పక్కన పెట్టి పోల్చుకోవచ్చు.