20 రూపాయల పడక, 1,450 రూపాయల పడక

విజయనగరం నుంచి అమ్మా, మా మేనల్లుడూ, నేనూ మూడు రోజులు శ్రీకాకుళం వైపు తిరిగొచ్చాం, వాడి సంచిలో ఒక వీడియో గేమ్ కూడా వచ్చింది. శ్రీకాకుళంలో మేం దిగిన లాడ్జి సంగతి ముందు చెప్పేస్తాను. అది కడుపులో ఉండగా మిగతాది రాయడం నావల్ల కాదు. ఫోను చేసి అడిగితే "24 గంటల లెక్కేనండీ, మీరు ఎప్పుడు దిగితే అప్పటి నుంచే" అన్నారు. శుక్రవారం సాయంత్రం 6 గంటలకు దిగాం. ఆదివారం 4 గంటలకు ఖాళీ చేయబోతే కౌంటరు దగ్గరి మనిషి రిజిస్టరు నావైపు తిప్పి, పేజీ అడుగున వేలు పెట్టాడు. మధ్యాహ్నం 12కే ఖాళీ చేయాలని అక్కడ చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. దానికింద నా సంతకమే ఉంది. రెండు రాత్రులకు 2,900, పూట దాటినందుకు 725, ఆరు బకెట్ల వేడినీళ్ళకు బకెట్టు 30 చొప్పున 180. మొత్తం 3,805 రూపాయలు. రసీదు అడిగితే పుస్తకం అయిపోయిందన్నాడు.

ఇంతకీ అది 'నాగావళి కనిపించే గది'. కిటికీ తెరిస్తే పక్క మేడమీద నల్లటి నీళ్ళ ట్యాంకు కనిపించింది. మా అమ్మ కొంగు భుజం మీదికి లాక్కుని, కిటికీలోంచి అటూ ఇటూ వంగి చూసి "నది ఎక్కడే?" అంది. "ట్యాంకులో ఉంది నాన్నమ్మా, అవి నాగావళి నీళ్ళే కదా" అన్నాడు మా మేనల్లుడు. వాడికి పదిహేడేళ్ళు. ఇంటర్ రెండో సంవత్సరం. ఊరు విజయనగరం దాటితే చాలు, వాడి నోటికి అడ్డూ ఆపూ ఉండదు.

ఇప్పుడు కారు. అమ్మ మోకాళ్ళను దృష్టిలో పెట్టుకుని, మూడు రోజులకు 12,000 మాట్లాడుకుని, 9,000 ముందే ఇచ్చాను. అదే నా తప్పు. డబ్బు ముందే చేతిలో పడ్డాక మన గడియారం కూడా వాళ్ళ చేతికే పోతుంది. రామతీర్థం హాయిగా అయిపోయింది, దాని గురించి చెప్పడానికేమీ లేదు. తరవాత ఖాదీకి పేరుపడ్డ పొందూరు. అక్కడ ఒకావిడ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతోంది. ఆ సన్నటి పళ్ళ మధ్య నుంచి గింజ దగ్గరి దూది తెల్లగా విడిపోతుంటే మా అమ్మ మోకాళ్ళ నొప్పి మరిచిపోయి నేలమీద చతికిలబడింది. చిన్నప్పుడు రాట్నం చూసిన మనిషి. "ఈ చేప ఎక్కడి నుంచి తెస్తారమ్మా?" అని అడగబోయేసరికి బయట హారను మోగింది. డ్రైవరు పొందూరుకు ఇచ్చింది 15 నిమిషాలు. మరునాడు శ్రీకూర్మానికి 20 నిమిషాలు. అదే రోజు దారిలో, తనకు తెలిసిన జీడిపప్పు దుకాణం దగ్గర మాత్రం 45 నిమిషాలు. అక్కడ హారను మోగలేదు! అర కిలో 520 పెట్టి కొన్నాను. అలాంటి పప్పే తరవాత శ్రీకాకుళం బజారులో 430కి కనిపించింది.

ఇక్కడ మా మేనల్లుడి సంచిలోని ఆట గురించి చెప్పాలి. ఈ ప్రయాణానికి అదే తూకపు రాయి అయింది.

మా అన్నయ్య సింగపూర్ నుంచి వస్తూ నింటెండో స్విచ్ అనే వీడియో గేమ్ యంత్రం తెచ్చి ఆరు నెలలైంది. అందులో వాడూ నేనూ వంతులవారీగా ఆడేది 2017లో వచ్చిన జెల్డా ఆట, 'బ్రెత్ ఆఫ్ ద వైల్డ్'. నేను బ్యాంకు నుంచి రాగానే టీవీకి తగిలిస్తాం. అమ్మ పప్పులో రాళ్ళు ఏరుకుంటూ చూస్తుంది. కథానాయకుడి పేరు లింక్ అని వాడు వందసార్లు చెప్పినా, ఆవిడకు మాత్రం 'పొడుగు చెవుల అబ్బాయి'.

ఆ ఆటలోనూ డబ్బు పేరు రూపీయే. గుర్రపుశాలలో మామూలు పడక 20 రూపీలు, మెత్తటి పడక 40. ఆటలో ప్రాణాన్ని గుండె బొమ్మలతో లెక్కిస్తారు, మెత్తటి దాని మీద పడుకుని లేస్తే ఒక గుండె ఎక్కువ వస్తుంది. పట్టుకొచ్చిన గుర్రాన్ని రాయించుకోవడానికి ఇంకో 20. బయట పొయ్యి మీద కుండ ఊరికే ఉంటుంది, ఎవరైనా వండుకోవచ్చు. చిన్న అక్షరాల బెడద లేదు. శుక్రవారం రాత్రి దోమలు కుడుతుంటే, మంచం మీద ముగ్గురం ఆ చిన్న తెర చుట్టూ చేరాం. లింక్ ఆ 20 రూపీల పడక మీద దుప్పటి కప్పుకుంటుంటే అమ్మ అన్న మాట: "వాళ్ళ దగ్గర మన ముగ్గురికీ దొరుకుతుందేమో అడగరా."

నన్ను ఈ ఆట కట్టిపడేసింది దాని నడక. మొదట ఒక ఎత్తయిన పీఠభూమి మీద వదులుతారు. చుట్టూ అగాధం, దిగే దారి లేదు. అక్కడి నాలుగు చిన్న గుళ్ళలోని చిక్కులు విప్పితే ఒక ముసలాయన గాలిలో తేలే గుడ్డ ఇస్తాడు. ఆ నాలుగు గుళ్ళలోనే ఆట మొత్తానికి కావలసిన విద్యలన్నీ చేతికి వస్తాయి, పాఠం చెబుతున్నట్టే అనిపించదు. మంచు కొండ ఎక్కాలంటే చలికి ఆగాలి. అందుకు మందపాటి అంగీ సంపాదించవచ్చు, లేదా మిరపకాయలు వండుకు తినవచ్చు. "మిరపకాయ తింటే చలి ఆగదూ మరి!" అని అమ్మ ఆ ఆటకు మొదటిసారి మార్కులు వేసింది అక్కడే. ఒకసారి ఆ పీఠభూమి దిగాక ఎవరూ తోలరు. నాలుగు పెద్ద యంత్ర మృగాలున్నాయి, ఏది ముందో ఏది వెనకో మన ఇష్టం. ఒళ్ళు పొగరెక్కితే ఒక్కదాన్నీ ముట్టకుండా నేరుగా ఆఖరి రాక్షసుడి కోటకే పోవచ్చు. మా వాడు ఆట మొదలెట్టిన మూడో రోజున పోయాడు. నిమిషంలో చచ్చాడు.

తయారు చేసినవాళ్ళు దీని గురించి ఒక ఉపన్యాసంలో చెప్పిన సంగతి నాకు బాగా నచ్చింది. ప్రపంచం నిండా చిన్నా పెద్దా త్రికోణాలు పరిచారట. కొండలు, బండలు, ఇళ్ళ కప్పులు అన్నీ త్రికోణాలే. త్రికోణం ఎదురైతే ఎక్కాలా, చుట్టి వెళ్ళాలా అని మనిషి తనంతట తను తేల్చుకుంటాడు. దాని వెనక ఉన్నది కాస్త కాస్తగా బయటపడుతుంది. దర్శకుడు ఫుజిబయాషి తన ఊరు క్యోటో పటాన్ని ఆట పటం మీద పరిచి, ఫలానా చోటి నుంచి ఫలానా చోటికి నడవడానికి ఎంత సేపు పడుతుందో కొలుచుకున్నారట. తెలిసిన ఊరి నడకతో కొత్త లోకాన్ని కొలవడం! గంటస్తంభం నుంచి పైడితల్లి గుడికి ఎంత సేపో కాళ్ళకు తెలిసిన మనిషికి ఈ మాట చటుక్కున అర్థమవుతుంది. మా కారు ప్యాకేజీ వేసినవాడు మాత్రం కిలోమీటర్లు కొలిచాడు, నడక కొలవలేదు.

శనివారం పొద్దున అరసవల్లి. ఆదివారమైతే సూర్యదేవుడి గుళ్ళో కాలు పెట్టడానికి చోటుండదు కాబట్టి, ఇది డ్రైవరు చేసిన ఒకే ఒక మంచి ఏర్పాటు. మార్చిలోనూ అక్టోబరులోనూ కొద్దిరోజులు పొద్దుటి కిరణాలు మూలవిరాట్టు పాదాల మీద పడతాయి. మేం వెళ్ళింది నవంబరు చివర, అల్పపీడనంలో. సూర్యుడు గుళ్ళో ఉన్నాడు గాని ఆకాశంలో లేడు. శ్రీకూర్మంలో రెండు ధ్వజస్తంభాలు చూసి, తాబేళ్ళ దగ్గర నిలబడ్డాం. నక్షత్రాల మచ్చలున్న ఒక పిల్ల తాబేలు ఆకు కొరకడానికి మెడ బయటపెట్టింది. అది నమిలి మింగేలోగా మా 20 నిమిషాలు అయిపోయాయి. తాబేలు దగ్గర తొందరపెట్టడమేమిటని అమ్మ డ్రైవరును మొహం మీదే అడిగింది. అతను నవ్వలేదు. ఆ తరవాత అమ్మ సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

మధ్యాహ్నం నుంచి కుంభవృష్టి. గదిలోనే పడి ఉన్నాం. మా స్విచ్ ఛార్జింగు మూడు గంటలు వస్తే గొప్ప. కరెంటు పోతూ వస్తూ ఉంటే ఆ లెక్క కూడా తప్పింది. చిత్రం, ఆటలోనూ వాన. ఈ ఆటలో వాన పడితే కొండరాయి తడుస్తుంది, నాలుగు అంగలు ఎక్కితే ఒక అంగ జారతాడు, ఒంట్లో సత్తువను చూపే చక్రం ఖాళీ అయి కింద పడతాడు. మా వాడు పట్టువదలకుండా ఎక్కించడం, లింక్ జారిపోవడం. మౌనవ్రతంలో ఉన్న అమ్మ ఇక ఆగలేకపోయింది. "వాన తగ్గాక ఎక్కమనరా, చెట్టుకింద నిలబెట్టు. ముందు ఆ కత్తి పక్కన పడేయించు, ఉరుములో ఇనుము పట్టుకుంటారా ఎవరైనా?" అంది. నిజంగానే ఇనుప కత్తి పట్టుకుంటే ఆ ఆటలో పిడుగు పడుతుంది. వాడు నావైపు చూశాడు. వాడికి అది తెలియడానికి మూడుసార్లు చావవలసి వచ్చింది.

అలాగని ఆటను నెత్తిన పెట్టుకోను. ఆ వాన కాసేపు బాగుంటుంది. కొండ సగంలో ఉండగా ఐదోసారి పడితే మాత్రం మా డ్రైవరు హారనుకూ దానికీ తేడా ఉండదు. కత్తులు విరగడం ఇంకో బాధ. మంచి కత్తి దొరికితే వాడాలంటే భయం, దాచుకుంటే దండగ, అచ్చంగా బీరువాలో పట్టుచీర. గుళ్ళు 120 ఉన్నాయి, లోపలికి వెళ్తే అన్నిటికీ అదే నీలం వెలుగు, అవే గోడలు. బల పరీక్ష పేరుతో ఒకే యంత్రంతో మళ్ళీ మళ్ళీ కొట్టుకోవాలి. నలభయ్యో గుడి దాకా ఆత్రం, ఎనభై దాటాక లెక్క. ఇక కొరోక్‌లని అడవి పిల్లలు 900. శిఖరం మీద రాయి ఎత్తితే ఒకడు బయటపడి విత్తనం ఇస్తాడు. ఆయుధాల సంచి పూర్తిగా పెంచుకోవడానికి 441 విత్తనాలు చాలు. మొత్తం 900 తెచ్చినవాడికి బంగారు రంగులో పేడకుప్పలాంటి బహుమతి ఇస్తారు. తయారు చేసినవాళ్ళే 'అన్నీ ఏరవద్దురా నాయనా' అని వెక్కిరించారని నా అభిప్రాయం. మా వాడు 300 దాటించాడు, ఇంకా ఏరుతున్నాడు. వాడివి 210 గంటలు, నావి 70. "నువ్వు సగం ప్రపంచం చూడలేదు అత్తా" అంటాడు. చూడనిది మిగిలి ఉందన్న ధీమా నాకు నచ్చుతుంది. 2023లో వచ్చిన రెండో భాగంలో ఆకాశంలో దీవులు, నేలకింద చీకటి లోకం కూడా చేర్చారు. వాడు అదే గొప్పంటాడు. నాకు ఆ మొదటి దీవి మీద పాఠాలు సాగి సాగి విసుగొచ్చింది.

ఆదివారం పొద్దున వాన వెలిసింది. బౌద్ధ శిథిలాలున్న శాలిహుండం వెళ్దామంటే డ్రైవరు "అక్కడేముందండీ, ఇటుకలు తప్ప" అన్నాడు. వంశధార ఒడ్డున శివుడి గుడి ఉన్న ముఖలింగం దారి బాగుండదన్నాడు. ఇంకో దుకాణం పేరు చెప్పాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ "నువ్వు వెళ్ళు నాయనా, మేం బస్సులో వస్తాం" అనేసింది. మోకాళ్ళ పేరు చెప్పి కారు మాట్లాడింది నేను. ఆ మోకాళ్ళే కారును పంపేశాయి.

శ్రీకాకుళంలో పల్లెవెలుగు ఎక్కాం. అమ్మకూ నాకూ ఆధార్ చూపిస్తే సున్నా టికెట్లు, డబ్బు కట్టింది మా వాడొక్కడే. గారలో దిగి, ఆటోకు రానూపోనూ ఆగడంతో కలిపి 400. ఆటో అబ్బాయి "మీకెంత సేపైతే అంత సేపు చూడండమ్మా, నేను టీ తాగుతుంటాను" అన్నాడు. మూడు రోజుల్లో మొదటిసారి విన్న మాట. ఇంకో 50 ఇచ్చాను.

శాలిహుండం కొండ పెద్ద ఎత్తేమీ కాదు. మెట్లు ఉన్నాయి. వాన తడికి ఎర్రమట్టి వాసన. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారే 1919లో ఈ బౌద్ధ శిథిలాలను వెలుగులోకి తెచ్చారు. డ్రైవరు చెప్పింది అబద్ధమేమీ కాదు, ఇటుకలే. కాని ఒక స్తూపం చుట్టూ తిరిగితే పై అంచున ఇంకో గోడ కనిపిస్తుంది, అది ఏమిటో చూద్దామని ఎక్కితే దాని వెనక ఇంకొకటి. "త్రికోణం" అన్నాడు మా వాడు నా చెవిలో. అమ్మ ప్రతి పది మెట్లకూ కూర్చుని, ఊపిరి తీసుకుని లేచింది. ఆవిడ సత్తువ చక్రం పూర్తిగా నిండేదాకా వాడు పక్కనే నిలబడ్డాడు. ఇంట్లో మంచినీళ్ళు అడిగితే పది నిమిషాలకు లేచే పిల్లాడు!

పైకి చేరాక వంశధార కనిపించింది. వానకు బురద రంగు తిరిగి, ఇసుక దిబ్బల మధ్య రెండు మూడు పాయలుగా కళింగపట్నం వైపు, సముద్రానికి పోతోంది. అక్కడ గంటా నలభై నిమిషాలు ఉన్నాం. నీళ్ళు, నీడ, తిండి ఏమీ దొరకవు, వెళ్ళేవాళ్ళు రెండు సీసాలు నీళ్ళు తీసుకెళ్ళాలి. నేను తీసుకెళ్ళలేదు. అమ్మ సంచిలోంచి శ్రీకూర్మం ప్రసాదం, ఆ 520 జీడిపప్పు బయటికి వచ్చాయి. వాడు అక్కడ ఒక రాయి ఎత్తి చూశాడు. కింద జెర్రి ఉంది.

"విత్తనం ఇచ్చిందా?" అని అడిగింది అమ్మ.

ఇంత సేపు ఉండబట్టే లాడ్జికి 4 గంటలకు చేరాం, 725 వదిలింది. దిగేవాళ్ళు సంతకానికి ముందు రిజిస్టరు కింది వరస చదవండి, వేడినీళ్ళ ధర కూడా అప్పుడే అడగండి. కారు మాట్లాడుకునేవాళ్ళు సగానికి మించి ముందు ఇవ్వకండి. రైల్లో వచ్చేవాళ్ళకు ఇంకో మాట: శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఉన్నది ఆమదాలవలసలో, అక్కడి నుంచి ఊరికి ఇంకా పదమూడు కిలోమీటర్ల దాకా ఉంది.

మూడో రోజు కారు వాడుకోలేదు కాబట్టి 9,000లో 2,000 తిరిగి ఇస్తామన్నారు. ఇప్పటికి 500 వచ్చింది. ముఖలింగం మిగిలిపోయింది. అమ్మ ఆటలోని పటం మీద మా వాడిచేత ఎర్ర గుర్తు ఒకటి పెట్టించింది. అక్కడేముందో వాడికీ తెలియదు, నదిలాంటిది ఒకటి పక్కన ఉందంతే.