ఒకే దారి, రెండు కార్లు: క్యూ3, ఎక్స్1లతో శ్రీశైలం

యాభై లక్షల కారు కొనబోయే మనిషికి షోరూమ్ వాళ్లు ఇచ్చిన టెస్ట్ డ్రైవ్ ఎంతసేపో తెలుసా? నాలుగు కిలోమీటర్లు. అందులో సగం సిగ్నల్ దగ్గరే గడిచిపోయింది. పక్కన కూర్చున్న కుర్రాడు సన్‌రూఫ్ తెరిచి మూసి చూపించడంలో మునిగిపోయాడు. "వెనక సీట్లో మా అమ్మని కూర్చోబెట్టి ఓ గంట తిప్పొచ్చా బాబూ?" అంటే నవ్వి కాఫీ తెప్పించాడు. కాఫీ మాత్రం బాగుంది.

మా బావమరిదికి ఆడి క్యూ3 ఉంది. పెదనాన్న గారి అబ్బాయి, అంటే మా అన్నయ్య, బీఎండబ్ల్యూ ఎక్స్1 డీజిల్ కొన్నాడు. నా వేట కూడా ఈ రెండింటి మధ్యే. శ్రీశైలం మొక్కు ఒకటి ఎప్పటినుంచో మిగిలిపోయింది. కార్తీకం వచ్చిందంటే అక్కడ కాలు పెట్టే చోటుండదు కాబట్టి, దసరా సందడి తగ్గగానే రెండు బళ్లలో ఎనిమిది మందిమి బయలుదేరాం. ఒప్పందం ఏమిటంటే, వెళ్లేటప్పుడు డిండి దాకా నా చేతిలో క్యూ3, అక్కడి నుంచి ఎక్స్1. వచ్చేటప్పుడు తిరగేసుకోవాలి. ఏ బండయినా నడిపేది నేనే, అమ్మ నాతోనే.

మన్ననూరు అటవీ చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదికి మూసేస్తే పొద్దున ఆరుకి గానీ తెరవరు. ఐదింటికి తుక్కుగూడ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దిగి, కడ్తాల్, ఆమనగల్లు దాటి కల్వకుర్తి చేరేసరికి క్యూ3 సంగతి చాలావరకు అర్థమైంది. 2 లీటర్ల పెట్రోలు ఇంజిను, 190 హార్స్ పవర్, నాలుగు చక్రాలకూ శక్తి అందించే క్వాట్రో. లారీని దాటాలంటే ఆలోచించక్కర్లేదు, కాలు నొక్కితే చాలు. వెనక సీటు ముందుకీ వెనక్కీ జరుగుతుంది, వాలుతుంది కూడా. మా ఆవిడ సీటు చివరిదాకా వెనక్కి జరుపుకుని, పాపని ఒళ్లో పడుకోబెట్టుకుని ఆమనగల్లు రాకముందే నిద్రపోయింది. కాళ్ల కింద నడిమధ్యలో ఎత్తుగా ఉండే గట్టు వల్ల మూడో మనిషికి కాళ్లు పెట్టుకోవడం కష్టమే. వెనక ఇద్దరే ఉన్నారు కాబట్టి ఆ బాధ తెలియలేదు.

డిండి దగ్గర ఇడ్లీ తిని బళ్లు మార్చుకున్నాం. సామాను మార్చే పని పెట్టుకోలేదు. క్యూ3 డిక్కీ 530 లీటర్లు, అందరి బ్యాగులూ అందులోనే పట్టాయి. డిక్కీ అంటే గుర్తొచ్చింది, ఏ కారు కొంటున్నా మ్యాట్ ఎత్తి కింద స్టెప్నీ ఉందో లేదో కళ్లారా చూసుకోండి. మన్ననూరు దాటాక డెబ్బై కిలోమీటర్లకు పైగా అడవి. ఫోన్ సిగ్నల్ వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. అక్కడ టైరు దిగితే పలకరించేది కోతులే.

ఎక్స్1 ఎక్కగానే తేడా తెలిసింది. డీజిల్ ఇంజిను, 150 హార్స్ పవర్. కాగితం మీద తక్కువే. కానీ టార్క్, అంటే లాగే బలం, 360 న్యూటన్ మీటర్లు, క్యూ3కి 320. ఘాట్‌లో పనికొచ్చేది ఇదే. మలుపు తిరిగి ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ని అరిపించాల్సిన పని లేకుండా బండి తనంతట తానే లాక్కుపోతుంది. స్టీరింగ్ కూడా చెప్పినట్టు వింటుంది. అన్నయ్య గర్వంగా చూస్తున్నాడని ఆ మాట పైకి అనలేదు గానీ, వటవర్లపల్లి దాటాక నాకు నిజంగా సరదా పుట్టింది. ఫోన్‌ని నిలువుగా పెట్టి పట్టీతో బిగించుకునే చోటొకటి ఉంది ముందు. ఎన్ని మలుపులు తిరిగినా ఫోన్ కదల్లేదు. చిన్నదే కానీ బాగా ఆలోచించి పెట్టారు.

చిక్కల్లా ఏసీతో వచ్చింది. మలుపుల్లో అమ్మకి తల తిరుగుతుంది, అందుకని డిండిలోనే ముందు సీట్లోకి మార్చాను. ఈగలపెంట దాటి డ్యామ్ వైపు దిగుతుంటే, "ఒరేయ్, కాస్త చలి తగ్గించరా" అంది. ఎక్స్1లో ఏసీకి నాబ్ లేదు, అంతా తెరమీదే. మలుపు, ఎదురుగా ఆర్టీసీ బస్సు, నేను తెరమీద వేలు పెట్టి డిగ్రీలు తగ్గించబోయి పెంచాను, పెంచబోయి తగ్గించాను. "నువ్వు రోడ్డు చూడు నాయనా, నేను చెంగు కప్పుకుంటాలే" అని కొంగు భుజాల చుట్టూ లాక్కుంది. నోటితో చెప్పినా వింటుందని అన్నయ్య తర్వాత చూపించాడు. అమ్మ మాట వింటుందా అని మా ఆవిడ అడిగింది.

సాక్షి గణపతి దగ్గర ఆగి, వచ్చినట్టు హాజరు వేయించుకుని పైకి వెళ్లాం. బస సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే బళ్ల అసలు పరీక్ష అక్కడే జరిగింది. దేవస్థానం గంగాసదనంలో రెండు గదులు ముందే ఆన్‌లైన్‌లో దొరికాయి. ఆడంబరమేమీ లేదు గానీ గది శుభ్రంగా ఉంది, వేణ్నీళ్లు వచ్చాయి, గుడికి అమ్మ నడిచే వెళ్లగలిగింది. మూడో గది దొరక్క బావమరిది వాళ్లు ఒక ప్రైవేటు లాడ్జిలో దిగారు. అద్దె దేవస్థానం గదికి మూడింతలు. దుప్పటి అడిగితే అరగంట, వేణ్నీళ్లు అడిగితే బకెట్‌తో. పార్కింగ్ ఉందని బోర్డు పెట్టారు, చూస్తే వెనకవైపు ఎర్రమట్టి వాలు.

ఆ రాత్రి వాన పడింది. రెండు బళ్లూ ఆ వాలులోనే పెట్టాం. పొద్దున ఎక్స్1 తీస్తే ముందు చక్రాలు ఒకసారి గిర్రున తిరిగి మట్టి చిమ్మాయి. అన్నయ్య కంగారు పడకుండా కాస్త వెనక్కి పోనిచ్చి మెల్లగా పైకి తెచ్చాడు. ముందు చక్రాలకే శక్తి వెళ్లే ఏ బండయినా అలాగే చేస్తుంది. క్యూ3 మాత్రం ఏమీ ఎరగనట్టు పైకొచ్చేసింది. బావమరిది ఆ రోజంతా ఆ మాటే చెప్పాడు. నిజాయితీగా ఆలోచిస్తే, హైదరాబాద్‌లో ఉండే నాకు ఏడాదికి అలాంటి వాలు ఎన్నిసార్లు తగులుతుంది? ఒకసారి. అది కూడా లాడ్జి సరిగ్గా ఎంచుకోకపోతే.

తిరుగు ప్రయాణంలో ఘాట్ అంతా క్యూ3. దర్శనం అయిపోయింది కాబట్టి ఈగలపెంటలో చేపల వేపుడుకి ఎవరూ అడ్డు చెప్పలేదు. గుంతల్లో క్యూ3 కాస్త మెత్తగా పోయినట్టు అనిపించింది, ఎక్స్1 నిదానంగా వెళ్లేటప్పుడు కొంచెం గట్టిగా తగిలి, వేగం పెరిగేకొద్దీ సర్దుకుంటుంది. అయితే ఎక్స్1లో ఉన్న ఆ లాగుడు అలవాటయ్యాక, క్యూ3 ఎత్తు ఎక్కేటప్పుడు గేర్లు మార్చుకుంటూ కేకలు వేస్తున్నట్టుంది.

ఇక డబ్బు లెక్క. మొత్తం 460 కిలోమీటర్ల తిరుగుడులో ఎక్స్1 లీటరుకి 18 ఇచ్చింది, క్యూ3 11. కంపెనీ వాళ్లు చెప్పేవి 20.37, 14.93. నేను ఏడాదికి పది వేల కిలోమీటర్లు తిరుగుతాను. 2025 చివర్లో మన దగ్గర పెట్రోలు 107, డీజిల్ 95 దాటి ఉండేవి. అంటే క్యూ3కి ఏడాదికి దాదాపు 97 వేలు, ఎక్స్1 డీజిల్‌కి 53 వేలు. తేడా 44 వేలు. అన్నయ్య ఈ లెక్క నాలుగుసార్లు చెప్పాడు.

కానీ నా ఆఫీసు ఆరు కిలోమీటర్లు. ఇప్పటి డీజిల్ బళ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది బాగా వేడెక్కి మసిని కాల్చుకోవాలంటే అప్పుడప్పుడూ హైవే మీద కాసేపు ఆగకుండా పరిగెత్తాలి. రోజూ ట్రాఫిక్‌లో ఆరు కిలోమీటర్లు పాకితే అది పూడుకుపోయి, డాష్‌బోర్డు మీద లైటు వెలిగి, టెన్షన్ మొదలు. నెలకి రెండుసార్లు విజయవాడ వెళ్లే అన్నయ్యకి ఆ బెడద లేదు. ఎక్స్1 పెట్రోలు ఉందిగా అనొచ్చు. అది 1.5 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజిను, 136 హార్స్ పవర్. సిటీకి చాలు. కానీ డీజిల్ ఘాట్ ఎక్కిన తీరు చూశాక మనసు దానికి ఒప్పుకోలేదు.

ధర దగ్గర రెండూ అన్నదమ్ములే. క్యూ3 2022లో 44.89 లక్షలతో మొదలైతే, ఎక్స్1 2023లో 45.90 లక్షలతో వచ్చింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 40 శాతానికి మారి, పైన వేసే సెస్ పోయాక రెండూ తగ్గాయి. పైగా మూడో తరం క్యూ3ని 2025 జూన్‌లోనే బయటి దేశాల్లో చూపించారు. అంటే అప్పుడు ఇక్కడ షోరూమ్‌లో ఉన్నది పాత మోడల్ కాబోతున్నదే, బేరానికి అదొక ఆయుధం. కొత్తదే కావాలనుకునేవాళ్లు ఆగాల్సి వచ్చేది. నాకు ఆ పట్టింపు లేకపోయింది.

వారం తర్వాత అమ్మని తీసుకుని క్యూ3 షోరూమ్‌కి వెళ్లాను. ఈసారి వేరే షోరూమ్. అరగంట తిప్పమంటే ఔటర్ దాకా తీసుకెళ్లారు. మధ్యలో అమ్మ ఏమీ అనకుండా చెయ్యి చాచి, నాబ్ పట్టుకుని రెండు టకటకలు తిప్పింది. చలి తగ్గింది. తర్వాత అమ్మవారి కుంకుమ పొట్లం తీసి, ఎక్కడ పెట్టాలా అని డాష్‌బోర్డు అంతా వెతకడం మొదలుపెట్టింది.