నలభై సెకన్ల క్యూబు, ఐదు తాళాల దాసుగారు

మా చెల్లెలి కొడుకు ఏడో తరగతి. వేసవి సెలవులకి విజయనగరంలో మా ఇంటికి వచ్చినప్పుడు గంటస్తంభం దగ్గర బొమ్మల కొట్లో వాడికో మాగ్నెటిక్ రూబిక్స్ క్యూబ్ కొన్నాను, వరసలు తిప్పి ఒక్కో వైపూ ఒకే రంగు వచ్చేలా కలిపే ఆటవస్తువు. 380 రూపాయలు. రెండు నెలలు ఇంటిల్లిపాది చేతుల్లోనూ తిరిగింది కాబట్టి ఇప్పుడు ధైర్యంగా చెబుతున్నాను. కొనండి, మంచి వస్తువు. దాని డబ్బా మీద రాసిన మాట మాత్రం నమ్మకండి.

అంతకుముందు వాడి దగ్గర పైడితల్లమ్మ పండగలో కొన్న క్యూబ్ ఉండేది. పదిహేను రోజుల్లో రంగు స్టిక్కర్లు లేచిపోయాయి, తిప్పితే కిర్రుమనేది. దీనికి స్టిక్కర్లే లేవు, రంగు ప్లాస్టిక్‌లోనే ఉంది. లోపల చిన్న అయస్కాంతాలు పెట్టారు. ఒక వరస తిప్పి దాదాపు చివరిదాకా తెస్తే చాలు, మిగతా కాస్తా అదే వెళ్లి టక్కున కూర్చుంటుంది. నేను చాలా ఏళ్లుగా పిల్లలకి వయొలిన్ నేర్పుతున్నాను. వేలు సరిగ్గా స్వరస్థానం మీద పడ్డప్పుడు చేతికి ఒక నెమ్మది తెలుస్తుంది. ఈ టక్కులోనూ అదే తెలిసింది నాకు.

ప్రతి వైపూ మధ్య ముక్క మీది మూత తీస్తే కింద మర ఉంటుంది. పిల్లల వేళ్లకి బిగువుగా ఉంటే పావు చుట్టు వదులు చేయాలి. చిన్న స్క్రూడ్రైవరు డబ్బాలోనే ఇచ్చారు.

లోపం కూడా చెప్పాలి. ఒకరోజు అరుగు మీంచి పడి మూల ముక్క ఒకటి ఊడింది. వాడు మళ్లీ పెట్టేశాడు. ఆ తర్వాత ఎన్ని తిప్పలు పడ్డా కుదరలేదు. చీకటి పడేదాకా దాంతోనే కూర్చుని, కళ్లనీళ్లు పెట్టుకుని "ఎంత తిప్పినా రాదేటి పెద్దమ్మా?" అన్నాడు. తర్వాత తెలిసింది. ఊడిన మూల ముక్కని మూడు రకాలుగా పెట్టొచ్చు, సరైనది ఒక్కటే. మొత్తం విప్పి ఎలా పడితే అలా బిగిస్తే 12 వంతుల్లో ఒక్క వంతే కుదిరే అవకాశం. ఈ సంగతి డబ్బా లోపలి కాగితంలో ఎక్కడా లేదు. ఉన్నదంతా ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో. పిల్లలకి అమ్మే వస్తువుకి ఒక పేజీ తెలుగు వేయడం ఆ కంపెనీకి ఏం బరువు?

ఇక డబ్బా మీది మాట. "మీ పిల్లల్ని మేధావుల్ని చేస్తుంది" అనే అర్థం వచ్చేలా పెద్ద అక్షరాల్లో వేశారు. మా అమ్మ దీన్ని పూర్తిగా నమ్మింది. వాడు మొదటిసారి ఆరు వైపులూ కలిపిన రోజు ఉప్పూ మిరపకాయలూ తెచ్చి దిష్టి తీసింది. పార్వతీపురంలో ఉన్న అక్కయ్యలకి కూడా ఫోన్ చేసి "మనవడు రామానుజం అంతవాడు అవుతాడు" అని చెప్పింది. ఇప్పుడు వాడు 40 సెకన్లలో కలుపుతాడు.

ఎలా వస్తుందిరా అని అడిగాను. "ఏడు మెట్లు పెద్దమ్మా, మెట్టుకో ఫార్ములా" అన్నాడు. అంటే సాధకం. రోజూ రెండు గంటలు కూర్చుని వేళ్లకి నేర్పించుకున్నాడు. దాన్ని నేను చాలా గౌరవిస్తాను. సంగీతంలో మొదటి పాఠాలైన సరళీ వరసలు అలా చేయమని నెత్తీ నోరూ బాదుకున్నా వినని పిల్లలున్నారు నా దగ్గర. కానీ ఆ ఫార్ములా ఏదీ లేనప్పుడు దీన్ని కలిపిన మనిషి వేరు. 1974లో బుడాపెస్ట్‌లో ఎర్నో రూబిక్ అనే అధ్యాపకుడు దీన్ని తయారుచేసి, తిప్పి, రంగులు చెదిరిపోయాక మళ్లీ మొదటి స్థితికి తేవడానికి నెలకి పైగా తంటాలు పడ్డాడు. 43 పక్కన 18 సున్నాలు పెడితే వచ్చేటన్ని రకాలుగా ఈ రంగులు అమరుతాయి. అందులో దారి చెప్పేవాళ్లు ఆయనకి ఎవరున్నారు? ఎంత కలగాపులగంగా ఉన్నా 20 తిప్పుళ్లలో కలపొచ్చని 2010లో కంప్యూటర్లతో తేల్చారు.

నాకు ఈ క్యూబ్ మీద ప్రేమ కలిగిన సంగతి ఇంకొకటుంది. వాడొక చిన్న వరస చూపించాడు. కుడివైపు పైకి, పైది ఎడమకి, కుడివైపు కిందకి, పైది కుడికి. నాలుగు తిప్పుళ్లు. కలిపి ఉన్న క్యూబ్ మీద ఇదే ఆరుసార్లు చేస్తే రంగులన్నీ చెదిరి, మళ్లీ ఎక్కడివక్కడికి వచ్చేస్తాయి. 24 తిప్పుళ్లు! వాడు తిప్పుతుంటే నేను వెంటనే తిప్పుడుకో అక్షరం, అంటే తాళంలో ఒక లెక్క, చొప్పున ఆది తాళం వేశాను. ఎనిమిదేసి అక్షరాలు, మూడు ఆవర్తనాలు, అంటే తాళం మూడు చుట్లు. పక్కనున్న శిష్యురాలిని రూపకం వేయమన్నాను. ఆరేసి అక్షరాలు, నాలుగు ఆవర్తనాలు. ముగ్గురం సమంలో, అంటే తాళం మళ్లీ మొదలయ్యే చోట, ఒక్కసారే కలిశాం. వాడు ఎగిరి గంతేశాడు.

అప్పుడు చెప్పాను మా ఊరి దాసుగారి సంగతి. 1864లో బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టి, 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి అధ్యక్షుడైన ఆదిభట్ల నారాయణదాసుగారు. రెండు చేతులూ, రెండు కాళ్లూ, తల, ఐదింటితో ఐదు తాళాలు వేసేవారని మా గురువులు చెప్పేవారు. పంచముఖి అంటారు దాన్ని. కుడిచేత ఆది, ఎడమచేత రూపకం వేయడానికే నాకు ఏడాది సాధకం పట్టింది. హరికథలు తనే రాసి, తనే పాడి, ఆడి, షేక్‌స్పియర్ నుంచి తెలుగులోకి అనువాదాలు కూడా చేసిన మనిషి ఆయన.

వాడు క్యూబ్ పక్కన పెట్టి రెండు చేతులూ తొడల మీద పెట్టుకున్నాడు. నాలుగో దెబ్బకి ఎడమ చెయ్యి కుడిచేతి వెనక వెళ్లిపోయింది. మళ్లీ మొదలుపెట్టాడు. అమ్మ భోజనానికి పిలిచేదాకా వేస్తూనే ఉన్నాడు.

అయిదుకి నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటీ డబ్బా మీది మాటకీ, లోపలి కాగితానికీ. నా దగ్గర నేర్చుకునే పిల్లల కోసం మరో రెండు తీసుకుంటున్నాను. మీరు కొనేటప్పుడు కొట్లోనే డబ్బా విప్పించి, ఆరు వైపులూ ఒకసారి తిప్పి చూసుకోండి. మాకు వచ్చినదాంట్లో పసుపు వైపు మర బాగా బిగించి ఉంది.