మా ఊరి మునిసిపల్ ఆఫీసు: రెండున్నరేళ్లు తిరిగాక నా రివ్యూ

నాన్న పోయిన పదకొండో రోజున మొదటిసారి మా మునిసిపల్ ఆఫీసు మెట్లెక్కాను. అప్పటిదాకా ఇంటి పన్ను, కుళాయి పన్ను అన్నీ ఆయనే చూసుకునేవారు. రసీదులన్నీ పాత స్వీటు డబ్బాలో దాచి ఉంటే ఆ డబ్బా పట్టుకునే వెళ్లాను. ఆ తర్వాత డెత్ సర్టిఫికెట్, ఇంటి పన్నులో పేరు మార్పు, మంచినీళ్లు, మా సందులో మురుగు కాలువ, ఇలా ఒకదాని తర్వాత ఒకటి పని పడుతూనే ఉంది. మాది కోస్తాలో ఓ చిన్న ఊరు, ఒకప్పటి మేజర్ పంచాయతీ. ఊరి పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇందులో ఫిర్యాదులూ ఉన్నాయి, మెప్పులూ ఉన్నాయి, రెండూ చాలా ఊళ్లలో ఇలాగే ఉంటాయని నాకు తెలుసు.

ముందు డెత్ సర్టిఫికెట్ సంగతి. దీనికి ఐదుకి ఐదు ఇస్తాను. మనిషి ఆస్పత్రిలో పోతే నమోదుకి ఆస్పత్రివాళ్లే పంపుతారు, ఇంట్లో పోతే మనమే వెళ్లి చెప్పాలి. 21 రోజుల లోపు చెబితే నమోదుకి పైసా కట్టక్కర్లేదు. నెల దాటితే పై అధికారి అనుమతి కావాలి, ఏడాది దాటితే ఏకంగా మెజిస్ట్రేటు ఆర్డరు తేవాలి. పుట్టుకకీ ఇదే లెక్క. పైగా 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి స్కూలు దగ్గర్నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి ఆ సర్టిఫికెట్టే ఆధారం, కాబట్టి ఇంట్లో బిడ్డ పుడితే బారసాల కంటే ముందు ఈ పని చూసుకోండి. ఆ రోజు కౌంటర్లో ఉన్నావిడ నా కాగితాలు చూసి, "అమ్మా, ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, మీరు వెనక రాశారు. ఇలాగే ప్రింటు తీస్తే ఇన్సూరెన్సువాళ్లు తిప్పి పంపుతారు" అని చెప్పి, నేను ఏడుస్తూ ఉంటే నా ఎదురుగానే ఒక్కో అక్షరం సరిచూశారు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఇక్కడివ్వరు, తహసీల్దార్ ఆఫీసుకి వెళ్లాలి అని కూడా ఆవిడే చెప్పారు. ఆ ఒక్క మాట చెప్పకపోతే నేను ఇంకో వారం ఇక్కడే తిరిగేదాన్ని.

ఇంటి పన్నులో పేరు మార్పుకి మాత్రం ఐదుకి ఒకటి. డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఇంటి దస్తావేజు నకలు, చివరగా కట్టిన పన్ను రసీదు, తమ్ముడి నుంచి తనకి అభ్యంతరం లేదన్న కాగితం, అన్నీ పెట్టి వార్డు సచివాలయంలో అప్లికేషను ఇచ్చాను. వాళ్లు తీసుకుని నంబరున్న రసీదు ఇచ్చారు, అక్కడిదాకా బాగానే ఉంది. వారం తర్వాత ఇల్లు చూడ్డానికి వచ్చిన మనిషి అంతా చూసి, వెళ్లబోతూ గేటు దగ్గర ఆగి, "కొంచెం ఖర్చులుంటాయి అక్కా, మీకు తెలియందేముంది" అన్నాడు. నాకు తెలీదు, ఇవ్వను అన్నాను. అంతే, ఫైలు ఆగిపోయింది. ఎప్పుడు అడిగినా పైన ఉంది, సార్ లాగిన్‌లో ఉంది, సర్వర్ పనిచేయట్లేదు అనేవారు. 47 రోజులు చూశాక ఆ రసీదు నంబరు వేసి అర్జీ రాసుకుని సోమవారం కలెక్టరేట్లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకి వెళ్లి ఇచ్చాను. తొమ్మిదో రోజుకి పేరు మారిపోయింది. తొమ్మిది రోజుల్లో అయ్యే పనికి నన్ను నెలన్నర తిప్పారన్న కోపం ఇప్పటికీ పోలేదు. ఇదే పని మీద వెళ్లేవాళ్లకి ఒక మాట: పన్ను రసీదు మీద పేరు మారినంత మాత్రాన ఆ ఇంటి మీద హక్కు వచ్చేసినట్టు కాదు, హక్కు సంగతి వేరు. మా వీధిలో ఇద్దరు ముగ్గురు ఈ రెండింటినీ ఒకటే అనుకుంటున్నారు.

ఇక పన్ను. ఇదివరకు ఇంటికి ఎంత అద్దె వస్తుందో దాన్నిబట్టి వేసేవారు. 2021 ఏప్రిల్ నుంచి ఆంధ్రాలో స్థలం, కట్టడం విలువని బట్టి వేస్తున్నారు, ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదని పరిమితి పెట్టారు. వినడానికి 15 శాతమే, కానీ దాని మీద మళ్లీ 15, దాని మీద మళ్లీ 15. నాన్న డబ్బాలో రసీదులు వరసగా పేర్చి చూస్తే రెండు వేల దగ్గరున్నది మూడేళ్లలో మూడు వేలు దాటింది. కట్టడం మాత్రం ఇప్పుడు చాలా తేలిక, పన్ను రసీదు మీదుండే అసెస్‌మెంట్ నంబరు కొడితే ఫోన్లోనే అయిపోతుంది. ఏడాది మొత్తం ఏప్రిల్ 30 లోపు కట్టేస్తే 5 శాతం తగ్గిస్తారు, ఆలస్యం చేస్తే నెలకి 2 శాతం వడ్డీ పడుతుంది. ఈ వడ్డీ బ్యాంకు వడ్డీ కంటే చాలా ఎక్కువ, కట్టేదేదో ముందే కట్టేయడం మేలు.

పన్ను మాట వచ్చింది కాబట్టి చీరాల గురించి చెప్పకుండా ఉండలేను, మా అమ్మ పుట్టిల్లు అది. చీరాల, పేరాల గ్రామాలు రెండూ కలిపి 1919లో మునిసిపాలిటీ చేస్తే, నాలుగు వేలున్న పన్ను నలభై వేలవుతుందని తెలిసి నేతపనివాళ్లు, రైతులు మాకొద్దన్నారు. ప్రభుత్వం వినలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద జనం ఇళ్లకి తాళాలేసి ఊరి హద్దు దాటి వెళ్లి, రామనగర్ అని పేరు పెట్టుకుని, పాకలు వేసుకుని దాదాపు 11 నెలలు ఎండకీ వానకీ అక్కడే ఉన్నారు. అమ్మమ్మ వాళ్లింట్లో ఈ సంగతి నిన్న మొన్న జరిగినట్టు చెప్పేవారు. నేను పన్ను కట్టనని అనడం లేదు, కడతాను, ఏప్రిల్లోనే కడతాను. కానీ ఆ డబ్బు ఎటు పోతోందో అడిగే అలవాటు మన ఊళ్లకి కొత్తగా రావలసింది కాదు, వందేళ్ల కిందటే ఉంది.

నీళ్లకి నాలుగు మార్కులు. మాకు రోజు విడిచి రోజు వస్తాయి, పొద్దున అయిదున్నరకి ముప్పావుగంట. ఒక ట్యాంకు నుంచి మూడు వీధులకి వంతులవారీగా వదలాలి, వాల్వు తిప్పే ఆయన సైకిలు మీద వచ్చి ఒకటి కట్టి ఇంకోటి విప్పి వెళ్తాడు. రెండున్నరేళ్లలో ఆయన రాని రోజు నాకు గుర్తున్నంతలో రెండే. మా వీధి చివరి ఇళ్లకి నీళ్లు అందకపోవడానికి కారణం ఆఫీసు కాదు, మేమే. మొదట్లో ఉన్నవాళ్లు కుళాయికి మోటారు బిగించి గుంజేస్తున్నారు. అది తప్పే కాదు, ప్రమాదం కూడా. పైపులో నీటి ఒత్తిడి పడిపోయి, పగుళ్లలోంచి పక్క కాలువ మురుగు లోపలికి లాక్కుంటుంది. పోయినేడు వానాకాలంలో నీళ్లు వాసన వచ్చినప్పుడు వార్డులో నీళ్ల సంగతి చూసే అమెనిటీస్ సెక్రటరీ, కుర్రవాడే, గాజు గొట్టం పట్టుకుని వచ్చి మా కుళాయి నీళ్లలో చుక్కలు వేసి చూపించాడు. క్లోరిన్ ఉంటే పసుపు రంగు తేలాలి, కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలట. మా ఇంటి దగ్గర రంగు వచ్చింది, చివరి ఇంటి దగ్గర రాలేదు. మర్నాడే తవ్వి లీకు పట్టుకున్నారు. మీ ఊళ్లోనూ నీళ్లు తేడాగా ఉంటే ఊరికే ఫిర్యాదు రాసి ఊరుకోకండి, చివరి కుళాయి దగ్గర ఆ పరీక్ష చేయించమని అడగండి.

చెత్త తీసేవాళ్లకి మార్కులివ్వాలంటే నాకు మనసొప్పడం లేదు, వాళ్లని కొలిచే అర్హత నాకు లేదు. మా సందుకి వచ్చే అక్క తెల్లవారుజామున అయిదింటికల్లా మేస్త్రీ దగ్గర హాజరు వేయించుకోవాలి, అంటే ఇంట్లో నాలుగింటికి లేవాలి. 2023 డిసెంబరు చివర్లో రాష్ట్రమంతా మునిసిపల్ కార్మికులు సమ్మెకి దిగినప్పుడు మూడో రోజుకే మా మార్కెట్ సెంటర్లో ముక్కు మూసుకోకుండా నడవలేకపోయాం. అప్పుడే తెలిసింది, ఆ అక్కకి వచ్చేది జీతం 15 వేలు, ఆరోగ్య భత్యం 6 వేలు అని. సైడు కాలువలో చేయి పెట్టి మనం పారేసిన గాజుపెంకులు తీస్తుంది. ఆవిడకి గ్లవుజులు ఇచ్చిన నెలలకంటే ఇవ్వని నెలలే ఎక్కువ. ఈ విషయంలో ఆఫీసుకి సున్నా. తడి చెత్త పొడి చెత్త వేరు చేయండని ఆటోలో పాట వేసుకుని తిరుగుతారు, సంతోషం, మేం వేరు చేసే ఇస్తున్నాం, కానీ ఆటోలో ఉన్న రెండు అరలూ కంపోస్టు యార్డు దగ్గర ఒకే కుప్పగా పడడం నేను కళ్లారా చూశాను.

అసలు నేను ఇదంతా రాయడానికి కారణం కాలువ. మా సందులో పాత సిమెంటు రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త రోడ్డు పోశారు, రెండుసార్లు. రోడ్డు అడుగు పైగా లేచింది, ఇళ్లు కిందకి పోయాయి, కాలువ మాత్రం ఎక్కడిదక్కడే. సందు చివర కల్వర్టు సన్నది, ప్లాస్టిక్‌తో పూడుకుపోయింది. గట్టి వాన పడితే మురుగు నేరుగా మా వరండాలోకి. ఫిర్యాదుల యాప్‌లో ఫొటో పెట్టి ఫిర్యాదు చేశాను. నాలుగో రోజున "పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. ఎవరూ రాలేదు. మళ్లీ పెట్టాను, మళ్లీ అదే మెసేజ్. మూడోసారి ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారి దగ్గరికే వెళ్తే ఆయన నిజం చెప్పారు: "పూడిక తీయించగలనమ్మా, కల్వర్టు కట్టాలంటే ఎస్టిమేటు వేసి కౌన్సిల్లో పెట్టాలి."

అలా కౌన్సిల్ మీటింగు చూడాలనిపించింది. మా వార్డు కౌన్సిలర్ గారు "మీకెందుకమ్మా ఆ గొడవ" అంటూనే చైర్‌పర్సన్ గారిని అడిగి వెనక కుర్చీలో కూర్చోబెట్టారు. 38 అంశాల ఎజెండా. ఒక గుమస్తా గారు చదవడం, "ఆమోదం, ఆమోదం" అనడం, పాతిక నిమిషాల్లో అయిపోయింది. ఎజెండా కాపీ ఇంటికి తెచ్చుకుని రాత్రి కూర్చుని ఒక్కొక్కటీ చదివాను. బ్లీచింగ్ పౌడరు, మోటారు రిపేర్లు, వీధిలైట్ల సామాను, పైపు లీకులు, మార్కెట్ ఆశీలు (అమ్ముకునేవాళ్ల దగ్గర వసూలు చేసే రుసుము) వేలం. వాటిలో చాలా వాటికి కింద ఒకే వాక్యం ఉంది: పని జరిగిపోయింది, చైర్‌పర్సన్ ముందస్తు అనుమతి ఇచ్చారు, ఇప్పుడు కౌన్సిల్ ఆమోదించాలి. అంటే డబ్బు ఖర్చయిపోయాక అడుగుతున్నారు. పైపు పగిలితే మీటింగు దాకా ఆగలేరు, అది అర్థమవుతుంది. కానీ వీధిలైట్లు ఏటా కావాలని ముందే తెలీదా? 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉన్న 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూల్లో 18 విషయాలు రాసి, ఇవన్నీ పట్టణాల పాలకమండళ్లకి అప్పగించవచ్చంది. అంత పెద్ద మాట మా ఊరికి వచ్చేసరికి పాతిక నిమిషాలయింది. ఇది చూసి నాకు నిజంగా బాధ కలిగింది.

ఆ రోజు నాకు నచ్చింది ఒక్కటే. ఆంధ్రాలో సగం సీట్లు ఆడవాళ్లకే కదా, బయట వార్డులో వాళ్ల భర్తల్నే కౌన్సిలర్ గారూ అని పిలుస్తుంటారు, కానీ మీటింగు హాల్లో ఆవిడే మాట్లాడాలి. ఎజెండాలో లేని విషయాలు అడిగే జీరో అవర్లో ఒక మహిళా కౌన్సిలర్ లేచి, కేంద్రం నుంచి వచ్చే 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలి కదా, మా వార్డులో ఏ కాలువకి వాడారో చూపించండి అని అడిగారు. హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఏఈ గారి పై ఇంజనీరు డీఈ గారు వచ్చే మీటింగుకి లెక్క తెస్తామన్నారు. ఆవిడ "మినిట్స్‌లో రాయించండి" అని, రాసేదాకా కూర్చోలేదు. మర్నాడు నేను ఆవిడ ఇంటికి వెళ్లి మా సందు ఫొటోలు, యాప్ మెసేజులు, తేదీలతో ఒక కాగితం ఇచ్చాను. మా వార్డు కౌన్సిలర్ గారికీ అదే కాగితం ఇచ్చాను. ఇద్దరూ మీటింగులో అడిగారు.

రెండు మీటింగుల తర్వాత మా కల్వర్టు ఎజెండాలో 31వ అంశంగా వచ్చింది, ఎస్టిమేటు 4 లక్షల 80 వేలు, ఆమోదించారు. పోయిన వారం ఏఈ గారు టేపు తెచ్చి కొలిచి మా గేటు పక్క గోడ మీద ఎర్ర రంగుతో గీత పెట్టి వెళ్లారు. కల్వర్టు అడుగుభాగం ఆ గీత కంటే రెండడుగులు కిందకి ఉండాలని, రోడ్డు మళ్లీ పైకి లేపొద్దని నేనూ, ఎదురింటి బాబాయ్ గారూ గట్టిగా చెప్పాం, ఆయన పుస్తకంలో రాసుకున్నారు. టెండరు 18న తెరుస్తారని నోటీసు బోర్డులో పెట్టారు. ఆ రోజు పదిన్నరకి నేను ఆఫీసులో ఉంటాను.