విసారణై: తెలుగువాళ్లు డబ్బింగ్ లేకుండానే చూడాల్సిన సినిమా

కోయంబత్తూరు ఆటోడ్రైవరు ఎం. చంద్రకుమార్ 1983లో గుంటూరు లాకప్పులో తిన్న దెబ్బల్ని ‘లాకప్’ అనే తమిళ నవలగా రాశారు. దాని ఆధారంగా వెట్రిమారన్ తీసిన ‘విసారణై’ 2016 ఫిబ్రవరిలో విడుదలైంది. పగలు చిన్నా చితకా పనులు చేసుకుని రాత్రి పార్కులో పడుకునే తమిళ కుర్రాళ్లను పోలీసులు పట్టుకెళ్లి, ఓ పెద్దింటి దొంగతనం ఒప్పుకోమని చితకబాదుతారు.

దీన్ని తమిళంలోనే, సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి. ఇందులో గుంటూరు పోలీసులు మాట్లాడేది తెలుగే. కొట్టేవాడి ప్రతి మాటా మనకు సూటిగా తగులుతుంది, దెబ్బలు తినేవాడి మొర మాత్రం తెర కింద చదువుకోవాల్సి వస్తుంది. ఈ ఇబ్బంది తమిళ ప్రేక్షకులకు లేదు, అచ్చంగా మనదే. అందరిచేతా తెలుగే పలికిస్తే, ఏమడుగుతున్నారో తెలియక బిక్కచచ్చిపోయే ఆ కుర్రాళ్ల భయం సగం ఎగిరిపోతుంది. అజయ్ ఘోష్ ఇన్‌స్పెక్టరు పాత్రలో గొంతు పెంచకుండా మాట్లాడే చోట్లే ఎక్కువ వణుకు పుడుతుంది.

కోర్టు సన్నివేశం అర్థం కావాలంటే ఒక చట్టం సంగతి తెలియాలి. పోలీసుల ముందు ఒప్పుకున్న నేరం, పాత సాక్ష్య చట్టం 25వ సెక్షన్ ప్రకారం, కోర్టులో చెల్లదు. మేజిస్ట్రేటు ముందు నోరు విప్పి ఒప్పుకుంటేనే విలువ. లాకప్పులో అన్ని దెబ్బలూ ఆ ఒక్క మాట కోసమే. అరెస్టు చేసిన 24 గంటల్లో హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతున్నా, రికార్డులో అరెస్టే చూపించకపోతే ఆ లెక్క మొదలే కాదు. తీరా కోర్టుకెళ్లాక భాష అడ్డొస్తుంది. వేరే పని మీద గుంటూరు వచ్చిన తమిళ ఇన్‌స్పెక్టరు ముత్తువేల్ వాళ్ల మాట తెలుగులో చెప్పాకే కేసు తిరుగుతుంది. సినిమా మొత్తంలో నాకు గొప్పగా అనిపించిన ఘట్టం ఇదే.

రెండో సగం వేరే సినిమాలా ఉందని చాలామంది అంటారు. నవల గుంటూరుతోనే సరి, చెన్నై భాగం దర్శకుడు కలిపింది. నా మట్టుకు ఆ భాగం లేకపోతే ఇది ఒక చెడ్డ స్టేషను కథగా మిగిలేది. కాపాడిన ముత్తువేలే అదే యంత్రంలో ఎలా నలుగుతాడో అక్కడే తెలుస్తుంది. ఆ పాత్రకు సముద్రకనికి జాతీయ ఉత్తమ సహాయ నటుడి అవార్డు దక్కింది. ఎడిటింగ్‌కు కిశోర్‌కూ జాతీయ అవార్డు వచ్చింది కానీ, విడుదలకు ముందే 2015లో ఆయన కన్నుమూశారు. రెండు గంటల లోపే ముగిసే నిడివిలో ఎక్కడా సాగదీత లేదంటే అది ఆయన పనితనం. నటి ఆనంది పాత్రకు మాత్రం చేయడానికి పెద్దగా ఏమీ లేదు.

పిల్లలతో కూర్చుని చూసేది కాదు. ఆ కుర్రాళ్లలో ఒకడైన పాండిని కొట్టే సన్నివేశం పెద్దవాళ్లకే కష్టం. నవల ముందే చదివినా నష్టం లేదు, చెన్నైలో ఏం జరుగుతుందో అందులో ఉండదు.