సాగర్‌కు వెళ్తే నాగార్జునకొండా, అనుపూ చూసి రండి

మా అమ్మమ్మగారి పొలం మిర్యాలగూడ దగ్గర ఎడమ కాలువ కింద ఉంది. చిన్నప్పుడు ఆ ఇంట్లో పొద్దున లేస్తే వినిపించే మాట "సాగర్ నీళ్లు వదిలారా?" అనే. ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో చూడటం మాత్రం మొన్న దసరా సెలవుల్లోనే కుదిరింది.

నాగార్జునసాగర్ డ్యాం గేట్లు తెరవలేదని చాలామంది నిరాశపడి వెళ్లిపోతున్నారు. నాకైతే 26 గేట్ల వెనక నిండుగా నిలిచిన కృష్ణమ్మను చూస్తేనే కడుపు నిండింది. ముక్త్యాల రాజావారు ఈ ప్రాజెక్టు కోసం ఏళ్ల తరబడి పోరాడారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ పల్నాడు, ప్రకాశం వైపు, ఎడమ కాలువ నల్లగొండ, ఖమ్మం వైపు పోతాయి. యంత్రాలు అంతగా లేని రోజుల్లో కూలీలు రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడ అది.

హిల్ కాలనీలో దిగిన లాడ్జి గది శుభ్రంగానే ఉంది కానీ, వేడినీళ్లు రెండు రోజులూ రాలేదు. పిల్లలతో వెళ్లేవాళ్లు ముందే అడిగి తీసుకోండి.

అసలు చూడాల్సింది జలాశయం మధ్య దీవిలా మిగిలిన నాగార్జునకొండ. విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కాలి. జనం చాలక మమ్మల్ని రెండు గంటలు కూర్చోబెట్టారు, ఎప్పుడు కదులుతుందో చెప్పే మనిషి లేడు. ఎక్కాక ఆ చిరాకంతా పోయింది. మన లాంచీ కింద శాతవాహనుల తర్వాత ఈ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది! నీళ్లు రాకముందే, 1954 నుంచి 1960 దాకా ఆ లోయంతా తవ్వి, దొరికిన శిల్పాలను కొండ మీదికి చేర్చారు. కొన్ని కట్టడాలను రాయి రాయి విప్పి మళ్లీ నిలబెట్టారు. లోయలోని పల్లెల వాళ్లు మాత్రం ఇళ్లూ పొలాలూ వదిలి వెళ్లిపోయారు. మా పొలానికి నీళ్లు వచ్చింది వాళ్ల పొలాలు మునిగాకే అని అక్కడ నిలబడ్డప్పుడే తెలిసింది. మ్యూజియంలో పాలరాయిలా మెరిసే సున్నపురాయి శిల్పాల ముందు గంట సేపు ఏ మూలకూ చాలలేదు. తిరుగు లాంచీ కోసం పరుగెత్తాల్సి వచ్చింది. శుక్రవారం మ్యూజియం మూసి ఉంటుంది, గుర్తుంచుకోండి.

ఎత్తిపోతల జలపాతం బాగానే ఉంది, కానీ రద్దీ. టైం తక్కువైతే అది వదిలేసి అనుపు వెళ్లండి. లోయ నుంచి తెచ్చి తిరిగి కట్టిన రాతిమెట్ల రంగస్థలం అక్కడే ఉంది. సాయంత్రం మేము తప్ప ఎవరూ లేరు. పై మెట్టు మీద కూర్చుని, చీకటి పడేదాకా జలాశయం వైపే చూస్తూ ఉండిపోయాం.